చదువు అయిపోయాక అర్బానా-షాంపేన్‌కు మారాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, టెక్సాస్‌లో నీ ఎంఎస్ మే నెలలో అయిపోతుందని, దోస్తులున్నారు కాబట్టి ఇల్లినాయ్ యూనివర్సిటీ ఉన్న జంట ఊళ్లు అర్బానా-షాంపేన్‌కు మారాలనుకుంటున్నానని రాశావు. నీది హాలియా, మాది దేవరకొండ పక్కన. ఇంటిమనిషిగా చెబుతున్నా, రావచ్చు. కానీ ఉద్యోగం చేతికి రాకముందే ఏడాది లీజు మీద సంతకం పెట్టకు.

యూనివర్సిటీ ఊళ్లలో ఇళ్ల లెక్కంతా కాలేజీ క్యాలెండర్‌తోనే నడుస్తుంది. చాలా లీజులు ఆగస్టులో మొదలై మరుసటి ఏడు జూలై ఆఖరుకో, ఆగస్టు మొదట్లోనో ముగుస్తాయి. క్యాంపస్ దగ్గర మంచి ఇళ్లు అంతకుముందు చలికాలానికే అయిపోతాయి. నీకు కలిసొచ్చే కాలం మే నుంచి జూలై దాకా. అప్పుడు పిల్లలు సెలవులకు వెళ్తారు, ఖాళీ గదికి ఊకె కిరాయి కట్టడం ఎందుకని బాగా తగ్గించి సబ్‌లీజ్‌కి, అంటే తమ లీజు మీదే ఆ కొన్ని నెలలు వేరొకరికి, ఇస్తారు. అలాంటి గది చూసుకో. ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉండాలి. ఫొటోలు చూసి జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) డబ్బులు పంపొద్దు. అక్కడున్న దోస్తును ఇంటికి పంపి, వీడియో కాల్‌లో తలుపు తీసి లోపల చూపించమను.

ఇంకొకటి ఎవరూ ముందుగా చెప్పరు. పాత లీజు ముగిసే రోజుకూ కొత్తది మొదలయ్యే రోజుకూ మధ్య కొన్ని రోజులు ఏ ఇల్లూ ఉండదు. సామాను ఎక్కడ పెట్టాలో జూలైలోనే ఎవరినైనా అడిగి పెట్టుకో. ఆ వారం రోడ్డు పక్కన బల్లలు, కుర్చీలు, పరుపులు కుప్పలుగా పడి ఉంటాయి. బల్ల తెచ్చుకో, కుర్చీ తెచ్చుకో. పరుపు, సోఫా మాత్రం ఎంత కొత్తగా కనిపించినా ముట్టకు. నల్లులు ఒకసారి ఇంట్లోకి వచ్చాయంటే ఉన్న బట్టలన్నీ వేడి డ్రైయర్‌లో వేసినా టెన్షన్ పోదు.

నలుగురు కలిసి ఇల్లు తీసుకుంటే లీజులో 'జాయింట్ అండ్ సెవరల్' అనే మాట ఉందేమో వెతుకు. ఉంటే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా అతని వాటా మిగిలిన ముగ్గురూ కట్టాల్సిందే. మన జిల్లా పిల్లలు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటున్నారు. ఒకరికి డాలస్‌లో ఉద్యోగం వస్తే రాత్రికి రాత్రే వెళ్లక తప్పదు, తప్పు ఎవరిదీ కాదు. అందుకే గదికి విడిగా లీజు ఇచ్చేచోట కిరాయి కొంచెం ఎక్కువైనా అదే మేలు.

ఇప్పుడు ఓపీటీ, అంటే చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి. ఆ అనుమతి కార్డు మీదున్న ప్రారంభ తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఆ తేదీని చదువు ముగిశాక 60 రోజుల్లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. చేతిలో ఆఫర్ లేకపోతే తొందరపడి ముందు తేదీ పెట్టకు. మొదటి ఏడాది ఓపీటీలో నీ చదువుకు సంబంధించిన పని, వారానికి కనీసం 20 గంటలు, జీతం లేకుండా చేసినా లెక్కకు వస్తుంది. ప్రొఫెసర్ ల్యాబ్‌లో అలా చేరి రోజులు కాపాడుకున్నవాళ్లు ఉన్నారు. తర్వాతి 24 నెలల స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు చదివినవాళ్ల) పొడిగింపుకు మాత్రం జీతం ఉండాలి, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి. ఇల్లు మారాక 10 రోజుల్లోపు ఓపీటీ వాళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్ ఎస్‌ఈవీపీ (SEVP) పోర్టల్‌లో అడ్రస్ మార్చు.

ఉద్యోగం గురించి ఉన్నమాట చెబుతా. అక్కడి రీసెర్చ్ పార్కులో జాన్ డీర్, క్యాటర్‌పిల్లర్ లాంటి పేర్లు చూసి ఆశపడతాం. కానీ అక్కడ చాలా పనులు చదువుతున్న పిల్లల ఇంటర్న్‌షిప్‌ల కోసమే. ఊరి చుట్టూ మక్క, సోయా చేలు. షికాగో 135 మైళ్లు. పట్టా తీసుకున్నవాడికి అసలు బలం యూనివర్సిటీయే. రీసెర్చ్ ప్రోగ్రామర్, డేటా అనలిస్ట్ లాంటి పోస్టులు డిపార్ట్‌మెంట్ల వెబ్‌సైట్‌లలో వస్తుంటాయి. జీతం కంపెనీ కన్నా తక్కువే. కానీ యూనివర్సిటీ నీకోసం హెచ్-1బి ఉద్యోగ వీసాకు దరఖాస్తు చేస్తే, కంపెనీల దరఖాస్తులకు తీసే మార్చి లాటరీతో పని లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పెట్టవచ్చు. స్పాన్సర్ చేస్తారా లేదా అని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడుగు.

కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి లేని అనుభవం రెజ్యూమేలో పెడతామంటే పెట్టేయ్ ఫోన్. లేని ఉద్యోగం ఉన్నట్టు పోర్టల్‌లో చూపిస్తే, అది గ్రీన్‌కార్డు దాకా వెంటాడుతుంది.

ఇంట్లో ఏం చెప్పాలని అడిగావు. బత్తాయి తోట కాగితాలు బ్యాంకులో పెట్టి మీ నాయన నిన్ను పంపాడు, నెలనెలా వడ్డీ గుర్తొస్తే నిద్ర పట్టదని నాకు తెలుసు. అయినా ఉద్యోగం వచ్చిందని అబద్ధం చెప్పకు. మూడు నెలలు డబ్బు పంపలేనని ఇప్పుడే చెప్పు. ఆయన బ్యాంకులో మాట్లాడుకోవడానికి ఆ సమయం కావాలి.

లీజు కాగితం వచ్చినప్పుడు సంతకం పెట్టేముందు నాకు పంపు, చదివి ఫోన్ చేస్తా.