మానవ అంతరిక్ష లక్ష్యాల మీద మాదిరి సమీక్ష: తిరుపతిలో ఎట్లా నడపాలి?

స్వర్ణముఖి_20:
తిరుపతిలో మూడు కాలేజీల నుంచి 20 మందిమి కలిసి మన దేశ మానవ అంతరిక్ష లక్ష్యాల మీద స్వతంత్ర సమీక్షను మాదిరిగా చేయాలనుకుంటున్నాం. గగన్‌యాన్, 2035కి అంతరిక్ష స్టేషన్, 2040కి చంద్రుడి మీద మనిషి, మూడూ కలిపి. చేతిలో మూడు నెలలుంది. రాకెట్ల సంగతి కొంచెం తెలుసు, సమీక్ష నడపడమే తెలీదు. ముందు ఏ పని పట్టుకోవాలి?

గాదంకి_రాడార్:
ముందు ఒక్క పేజీ పరిధి పత్రం రాయండి. "ఈ లక్ష్యం అవసరమా" అనేది ఒక సమీక్ష, "ఈ డబ్బుతో, ఈ గడువులో అవుతుందా" అనేది ఇంకొకటి. 2014లో అమెరికా జాతీయ పరిశోధన మండలి, అసలు మనుషుల్ని ఎందుకు పంపాలి అన్న దగ్గర మొదలుపెట్టింది. 2009లో అమెరికా మానవ అంతరిక్ష ప్రణాళికల్ని సమీక్షించిన, నార్మన్ ఆగస్టీన్ అధ్యక్షతన పదిమంది సంఘం రెండో దారి పట్టింది. ఫలానాది చేయండని చెప్పకుండా, ప్రత్యామ్నాయాలు పక్కపక్కన పెట్టి ఇచ్చింది. మూడు నెలలకు రెండోదే సరిపోతుంది.

స్వతంత్రం అంటే ఇస్రోతో సంబంధం లేనివాళ్లను కూర్చోబెట్టడం ఒక్కటే కాదు. ఖర్చు లెక్క కూడా బయట కట్టాలి. ఆగస్టీన్ సంఘం నాసా అంకెలనే నమ్ముకోకుండా ఏరోస్పేస్ కార్పొరేషన్ అనే బయటి సంస్థ చేత విడిగా లెక్క వేయించింది. మీ 20 మందిలో పదిమంది సంఘం, ఐదుగురు ఖర్చు, ఐదుగురు జనాభిప్రాయం. ఖర్చు జట్టు లెక్క పూర్తయ్యేదాకా సంఘం దగ్గర కూర్చోకూడదు.

తర్వాత గోడ మీద ఒక పొడుగు కాగితం అంటించి, తేదీలన్నీ ఒకే గీత మీద పెట్టండి. సమీక్షలో నాకు అన్నిటికన్నా విలువైనదనిపించే పని ఇదే. అప్పటి అమెరికా ప్రణాళికలో ఏరిస్-1 రాకెట్ 2017కు ముందు సిద్ధం కాదని ఆ సంఘం తేల్చింది. అది వెళ్లాల్సిన అంతరిక్ష స్టేషన్‌నేమో 2016లోనే దించేయాలని బడ్జెట్‌లో ఉంది. బండి వచ్చేసరికి ఊరే ఉండదన్నమాట. రెండు తేదీలూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నంతకాలం ఇది కంటికి ఆనదు.

మన గీత మీద కూడా అట్లాంటి చోట్లు వెతకండి. తర్వాతి తరం రాకెట్‌కు 2024 సెప్టెంబరులో రూ. 8,240 కోట్లతో ఆమోదం వచ్చింది, గడువు 96 నెలలు. అంటే 2032 సెప్టెంబరు. స్టేషన్ 2035కు పూర్తి కావాలి. ఆ రాకెట్ రెండేళ్లు జారితే స్టేషన్‌లో ఏ భాగాలు ఇప్పుడున్న ఎల్‌వీఎం-3 రాకెట్ మీద వెళ్లగలవు, ఏవి ఆగిపోతాయి? మీ సంఘం జవాబు రాయాల్సిన ప్రశ్న అది.

పులికాట్_కొంగ:
కాగితాల సంగతి నేను చెప్తా. కేంద్ర మంత్రివర్గ ప్రకటనలు, అంతరిక్ష శాఖ గ్రాంట్ల పద్దులు, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు ఇవన్నీ ఊరికే దొరుకుతాయి. మిగతాదానికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. రుసుము రూ. 10, జవాబుకు 30 రోజులు గడువు, తెలుగులోనూ రాయొచ్చు. వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనాల పేరుతో ఆ చట్టం సెక్షన్ 8(1)(ఎ) కింద కొన్ని నిరాకరిస్తారు. అందుకే "ఫైలు ఇవ్వండి" అని కాకుండా "ఫలానా పద్దు కింద ఏ ఏడాది ఎంత ఖర్చయింది" అని అడగాలి. మొదటి వారంలోనే వేసేయండి, లేదంటే జవాబు మీ నివేదిక అయిపోయాక వస్తుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గగన్‌యాన్‌కు ఆమోదించిన మొత్తం 2018లో రూ. 9,023 కోట్లు, 2024లో రూ. 20,193 కోట్లు. ఇది చూసి "ఖర్చు రెట్టింపు దాటింది" అని రాసేస్తారు. పెరిగిన రూ. 11,170 కోట్లలో స్టేషన్ మొదటి భాగం పనీ, అదనపు ప్రయోగాలూ ఉన్నాయి. 2018 ప్రకటనలో మనిషి లేకుండా రెండు ప్రయోగాలు, మనిషితో ఒకటి. 2024లో మొత్తం ఎనిమిది. పరిధి పెరిగినందుకు ఎంత, ఆలస్యానికి ఎంత అని రెండు గళ్లు గీయండి. ఏ గడిలోకి వెళ్లాలో తేలని మొత్తాన్ని మూడో గడిలో అట్లాగే ఉంచండి, సర్దేయొద్దు.

స్వర్ణముఖి_20:
చాలా థాంక్స్ అన్నా. ఆలస్యాన్ని ఎట్లా చూడాలి? గగన్‌యాన్ 2018 ఆమోదంలో 40 నెలలు అనుంది కదా. అది దాటినందుకు తప్పు కిందే రాయాలా?

గాదంకి_రాడార్:
కారణం చూడకుండా రాయొద్దు తమ్ముడూ. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో, ప్రమాదంలో వ్యోమగాముల్ని తప్పించే వ్యవస్థ కోసం పెట్టిన టీవీ-డీ1 పరీక్షను ప్రయోగానికి 5 సెకన్ల ముందు కంప్యూటరే ఆపేసింది. లోపం సరిచేసి ఆ ఉదయం 10 గంటలకే ఎగరేశారు. అట్లా పరీక్ష పట్టుకున్న లోపంతో వచ్చిన ఆలస్యం ఒక రకం. భాగం అందక, డబ్బు విడుదల కాక వచ్చేది ఇంకో రకం. రెండూ ఒకే వరసలో పెడితే, గడువు కోసం పరీక్ష తగ్గించమని మీరే సలహా ఇచ్చినట్టవుతుంది. మనుషులు ఎక్కే బండికి అది ప్రాణాల మీదకొచ్చే సలహా.

తడ_రోడ్డు:
అభిప్రాయ జట్టుకు ఒక మాట. ప్రయోగం రోజు శ్రీహరికోట గ్యాలరీలో అడిగితే అందరూ "పంపాలి" అనే అంటారు, ఇష్టం ఉన్నవాళ్లే కదా అక్కడికి వచ్చేది. సూళ్లూరుపేట బస్టాండులో, పులికాట్ పక్క మత్స్యకార పల్లెల్లో, తిరుపతి మార్కెట్లో విడివిడిగా అడగండి. ప్రయోగం రోజు సముద్రంలోకి వెళ్లొద్దని హెచ్చరిక అందుకునేవాళ్ల మాట కూడా నివేదికలో ఉండాలి. "పంపాలా వద్దా" అని కాకుండా, మనిషి యాత్ర, వాతావరణ ఉపగ్రహాలు, గ్రహాల పరిశోధన మూడూ చెప్పి, వంద రూపాయలుంటే దేనికెంత పెడతారని అడగండి.