జర్మన్ సైన్యానికి దారి ఇచ్చిన స్వీడన్ ప్రధాని హాన్సన్ చేసింది సబబేనా?

చర్చకు ప్రశ్న:
1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేపై దాడి చేసింది. ఆ నార్వేకు సెలవులపై వచ్చిపోయే జర్మన్ సైనికులను తమ రైళ్లలో ప్రయాణించనివ్వడానికి స్వీడన్ ప్రధాని పేర్ అల్బిన్ హాన్సన్ ప్రభుత్వం అదే జులైలో ఒప్పుకుంది. తటస్థ దేశానికి ఇది తగునా?

మొదటి సభ్యుని సమాధానం:
తగదు. 1943 ఆగస్టులో ఆ ఏర్పాటు రద్దయ్యేలోగా 20 లక్షలకు పైగా సైనిక ప్రయాణాలు స్వీడన్ పట్టాల మీదుగా సాగాయి. పొరుగుదేశాన్ని ఆక్రమించినవారికి అది నేరుగా చేసిన సాయమే. పైగా నాజీలను ఎండగట్టిన స్వీడిష్ పత్రికల ప్రతులను ఆ ప్రభుత్వమే జప్తు చేయించింది.

రెండో సభ్యుని సమాధానం:
అయ్యా, ఆ వాస్తవాలను నేను కాదనను. అయితే డెన్మార్క్, నార్వే, ఫ్రాన్స్ మూడు నెలల్లోపే పడిపోయి, బొగ్గుకు కూడా జర్మనీ మీదే ఆధారపడవలసి వచ్చిన ఆ వేసవిలో, ఆయన ముందు ఇంకే దారి ఉంది? మాల్మో దగ్గర తాపీమేస్త్రీ కొడుకుగా పుట్టి, పన్నెండో ఏట బడి మానేసి, 1928లో దేశమంతా ఒక మంచి ఇల్లులా ఉండాలని పార్లమెంటులో కోరిన ఆ నాయకుడు, 1939 డిసెంబరులో కమ్యూనిస్టులు మినహా ప్రధాన పక్షాలన్నిటినీ ఒకే ప్రభుత్వంలోకి తెచ్చి, యుద్ధం ముగిసేదాకా దాన్ని చీలనివ్వలేదు. 1943 అక్టోబరులో డెన్మార్క్ నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన ఏడు వేలమందికి పైగా యూదులకు ఆశ్రయం దొరికిందంటే, స్వీడన్ ఆక్రమణకు గురికాకుండా మిగలడమే అందుకు కారణం. దీన్ని చిన్న విషయంగా తీసిపారేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మూడో సభ్యుని సమాధానం:
1940 నిర్ణయం వరకు నేను రెండో సభ్యులతో ఏకీభవిస్తాను, స్వీడన్ బలహీనతకు ఆయన బాధ్యత కూడా ఉందని గుర్తుచేస్తూనే. ఎందుకంటే 1925లో సైన్యాన్ని భారీగా తగ్గించినప్పుడు రక్షణమంత్రి హాన్సనే. నాకు మింగుడుపడనిది 1941 జూన్ నిర్ణయం. సోవియట్ యూనియన్‌పై దాడి మొదలైన రోజునే జర్మనీ అడిగితే, ఒక పూర్తి డివిజన్‌ను, అంటే వేలాది సైనికులుండే దళాన్ని, ఆయుధాలతో సహా నార్వే నుంచి ఫిన్లాండ్‌కు దాటనిచ్చారు. ఒప్పుకోకపోతే రాజు గుస్తావ్ 5 గద్దె దిగుతానన్నారని హాన్సన్ సహచరులకు చెప్పారు. రాజు నిజంగా ఆ మాట అన్నారా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అన్నా కూడా, జర్మన్ సేనల్లో అత్యధిక భాగం తూర్పుకు మళ్లిన ఆ వారంలో స్వీడన్‌కు ముప్పు ఏడాది కిందటంత లేదు. కొద్ది వారాలకే మరో డివిజన్‌కు దారి అడిగితే ఇదే ప్రభుత్వం రైళ్లు ఇవ్వనంది. అయినా జర్మనీ స్వీడన్‌పై దాడి చేయలేదు.