జరిమానా కట్టించుకున్నాక అది మాఫీ ఎలా అవుతుంది?

ప్రశ్న:
మాది లూథరన్ కుటుంబం. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జరిగే ఆరాధనలో సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం వింటూ పెరిగినవాణ్ణి. ఈ ఏడాది మొదటి మాటను వివరించిన ప్రసంగీకులు, దోషికి జరిమానా విధించిన న్యాయాధిపతి తానే పీఠం దిగి వచ్చి ఆ సొమ్ము కట్టిన కథ చెప్పారు. ఇంటికి వచ్చాక, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, "నాన్నా, పైసాతో సహా కట్టించుకున్నాక అది మాఫీ ఎలా అవుతుంది? వసూలే కదా" అంది. నాకు జవాబు తోచలేదు. నిజానికి ఆ మొదటి మాటలో ప్రభువు "వీరిని క్షమించుము" అని నేరుగా అడిగారే గాని వెల ప్రస్తావన తేలేదు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో కూడా తండ్రి పరుగెత్తి వెళ్లి కొడుకును ముద్దు పెట్టుకున్నాడు (కొవ్విన దూడను వధించింది విందుకే గాని ప్రాయశ్చిత్తానికి కాదు). అలాంటప్పుడు "రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు" అనే హెబ్రీ పత్రిక 9:22ను, కృప ఉచితమనే మాటను కలిపి చదవడం ఎలా?

మొదటి జవాబు:
మీరు ఉదహరించిన వచనం మన తెలుగు బైబిలులో అక్కడితో ఆగదు. "అనియు సామాన్యముగా చెప్పవచ్చును" అని ముగుస్తుంది. కంఠస్థం చెప్పేటప్పుడు ఆ చివరి మాటను అందరం వదిలేస్తాం. ఆ "సామాన్యముగా" ఎందుకు ఉందో లేవీయకాండము 5:11 చూస్తే తెలుస్తుంది: గొర్రె సరే, రెండు గువ్వలు కూడా కొనలేని పేదవాడు తూమెడు గోధుమపిండిలో పదియవ వంతు తెస్తే చాలు, అతనికి క్షమాపణ కలుగుతుంది. ఇంకా ముఖ్యమైనది 17:11. బలిపీఠం మీద ప్రాయశ్చిత్తం కోసం రక్తాన్ని "మీకిచ్చితిని" అని అక్కడ దేవుడే అంటున్నాడు. మన ఊళ్లలో మొక్కుబడిగా ఇచ్చే బలి మనిషి చేతి నుంచి దేవతకు చేరుతుంది కాబట్టి, బలి అన్న మాట వినగానే మన మనసు ఆ దిశలోనే ఆలోచిస్తుంది. ఇక్కడ మాత్రం ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేవాడు మనిషి.

రెండవ జవాబు:
మీ అమ్మాయి అడిగినది పాత ప్రశ్నే. నాలుగవ శతాబ్దంలో నజియాంజు గ్రెగరీ అనే బిషప్పు తన పస్కా ప్రసంగంలో ఈ వెల ఎవరికి చెల్లిందని సూటిగా అడిగాడు. సాతానుకు చెల్లిందంటే అది అవమానం. తండ్రికి అంటే, ఇస్సాకును సైతం బలిగా స్వీకరించని తండ్రి తన కుమారుని రక్తంతో ఎలా సంతోషిస్తాడని ఆయన వాదన. 1098 నాటికి దీని మీద గ్రంథం ముగించిన అన్సెల్ము అనే వేదాంతి, ప్రభువు గౌరవానికి కలిగిన లోటును పూడ్చాలనే భాషలో సిలువను వివరించాడు. అది జమీందారీల వంటి వ్యవస్థలో బతికిన యూరప్ భాష. 16వ శతాబ్దంలో న్యాయశాస్త్రం చదువుకున్న కాల్విను చేతిలో అదే విషయం శిక్ష, తీర్పు అనే కోర్టు భాషలోకి మారింది. మీ ప్రసంగీకుల న్యాయాధిపతి ఆ కోర్టు నుంచి వచ్చినవాడే. ఆ పోలికలో ఒక సత్యం లేకపోలేదు, కానీ న్యాయాధిపతినీ జరిమానా కట్టినవాణ్నీ ఇద్దరు వేరు వ్యక్తులుగా ఊహించుకుంటే కథ చెడిపోతుంది. 2 కొరింథీ 5:19లో దేవుడు "క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచు"కుంటున్నాడు. అంటే ఖర్చు ఆయనదే.

మూడవ జవాబు:
పై జవాబులో "ఖర్చు ఆయనదే" అన్న మాటను మా ఇంటి సంగతితో చెబుతాను. మా నాన్నగారు ఒక బంధువుకు అక్క పెళ్లి కోసం దాచిన డబ్బు అప్పు ఇచ్చారు. ఆయన తీర్చలేకపోయారు. మూడేళ్ల గడువు దాటకముందే ప్రోనోటు తిరగరాయించుకోమని అందరూ చెబుతుంటే, నాన్నగారు ఆయన్ను పిలిచి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉన్న ఆ కాగితాన్ని ఎదుటే చింపేశారు. ఆయనకు అది పూర్తిగా ఉచితం, కానీ ఆ డబ్బు గాలిలో కలిసిపోలేదు. ఆ భారం మా ఇంటి మీద పడింది, అక్క పెళ్లి ఏడాదిన్నర ఆలస్యమైంది. మత్తయి 18లో రాజు మాఫీ చేసిన పదివేల తలాంతులు, తలాంతుకు ఆరువేల దేనారముల (దేనారమంటే ఒక రోజు కూలి) లెక్కన, ఆరు కోట్ల రోజుల కూలి. ఆ సొమ్మును రాజుకు వేరెవరూ కట్టలేదు, రాజే పోగొట్టుకున్నాడు. కాబట్టి మీ అమ్మాయి అన్నది సరైనదే: కట్టించుకుంటే అది వసూలే. ఇది మాత్రం వసూలు కాదు. అలాగని ఊరికే పోయిన బాకీ కూడా కాదు.

నాలుగవ జవాబు:
కథోలిక్కుడిగా ఒక్క మాట. మీరు కృప అనేదాన్ని మేము వరప్రసాదం అంటాం, మంగళవార్త జపంలో మరియమ్మను సంబోధించేది ఆ మాటతోనే. మేము దివ్యబలిపూజ అన్నప్పుడు క్రీస్తును మళ్లీ మళ్లీ బలి ఇస్తున్నామని చాలామంది అనుకుంటారు. అర్పణ ఒక్కటే, అది ఒక్కసారే జరిగిందన్నది మా బోధ కూడా. మనం నీతిమంతులమయ్యేది మన క్రియల వల్ల కాక కృప వల్లనేనని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మీ లూథరన్ సమాఖ్యా మా సంఘమూ కలిసి సంతకం చేశాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ వందనాలు. రాత్రి మత్తయి 18 మా అమ్మాయితో కలిసి చదివాను. ప్రోనోటు సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, బాకీ అంతా తీర్చేదాకా రాజు ఆ దాసుణ్ణి బాధపరచువారికి అప్పగించాడనే 34వ వచనం మీద వేలు పెట్టి, "మరి ఆ రాజు చింపేసిన కాగితాన్ని మళ్లీ అతికించాడేమిటి?" అని అడిగింది. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.