గ్రావెల్ బైక్‌కి కార్బన్ ఫ్రేమా, టైటానియం ఫ్రేమా?

ప్రశ్న (ఓవర్‌లాండ్ పార్క్, కాన్సస్)

అందరికీ నమస్కారం. వారాంతాల్లో ఇక్కడి ఫ్లింట్ హిల్స్ కొండల మట్టిరోడ్ల మీద గ్రావెల్ బైకు, అంటే కంకర, మట్టి దారులకి తగ్గ సైకిలు, తొక్కుతుంటాను. వచ్చే ఏడాది ఎంపోరియాలో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ సైకిల్ పోటీలో 100 మైళ్ల విభాగంలో దిగాలని ఉంది. పాత అల్యూమినియం బైకు తీసేసి, మళ్లీ పదిహేనేళ్ల దాకా మార్చనక్కర్లేని బైకు కొందామనుకుంటున్నా. షాపువాళ్లు కార్బన్ (కార్బన్ ఫైబర్) ఫ్రేము తీసుకోమంటున్నారు. మా గ్రూపులో సీనియర్ ఒకాయన మాత్రం టైటానియం అయితే రోడ్డు అదురు ఒంటికి తెలీదని, కార్బన్ రాయి తగిలితే పగులుతుందని అంటున్నారు. నా బరువు 78 కిలోలు. డబ్బు ఒక్కసారే పెట్టగలను. మీరైతే ఏది కొంటారు?

డాలస్ రైడర్

కార్బన్ బ్రదర్, రెండో ఆలోచనే వద్దు. 2024లో అన్‌బౌండ్ 200 మైళ్లని ప్రొఫెషనల్ రైడర్ లాక్లన్ మార్టన్ 9 గంటల 12 నిమిషాల లోపే ముగించాడు. తొక్కింది కానన్‌డేల్ కార్బన్ బైకు. ముందు వరుసలో ఉండేవాళ్లలో దాదాపు అందరిదీ కార్బనే. మంచి కార్బన్ ఫ్రేము కిలోకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, టైటానియం కిలోన్నర పైమాటే. అచ్చులో పొరలు పేర్చి చేస్తారు కాబట్టి గాలికి అడ్డుపడని ఆకారం కార్బన్‌తో సులువుగా వస్తుంది. కాన్సస్ ఎదురుగాలి సంగతి మీకు నేను చెప్పాలా? మూట్స్ లాంటి అమెరికన్ కంపెనీ టైటానియం ఫ్రేము ఒక్కటే 4,000 డాలర్లు దాటుతుంది. ఆ డబ్బుకి చక్రాలు, గేర్లతో సహా కార్బన్ బైకు మొత్తం ఇంటికొస్తుంది.

కంచన్‌బాగ్, హైదరాబాద్

డాలస్ మిత్రుడు చెప్పినవి నిజాలే. కానీ అవి గెలవడానికి తొక్కేవాళ్లకి పనికొచ్చే లెక్కలు. ఈయన పదిహేనేళ్లు ఉంచుకుంటానంటున్నారు.

టైటానియం అదురుని మింగేస్తుందన్న మాట నమ్మి మాత్రం కొనకండి. స్టీలుతో పోలిస్తే టైటానియం రెండింతలు సులువుగా వంగుతుందన్నది నిజమే. అయితే ఫ్రేము బిగువు లోహం ఒక్కదాని వల్ల రాదు. గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు సుమారు 8 రెట్లవుతుంది. లావు గొట్టాల టైటానియం ఫ్రేము, సన్న సీట్‌స్టేలున్న (సీటు కింది నుంచి వెనక చక్రం ఇరుసు దాకా దిగే గొట్టాలు) కార్బన్ ఫ్రేము కంటే గట్టిగా ఉండొచ్చు. పైగా త్రికోణాలుగా కలిపిన ఫ్రేము నిలువుగా వంగేదే బహు తక్కువ. 45 మిల్లీమీటర్ల టైరులో 30 పిఎస్ఐ గాలి ఉంటే, రాయి మీదికెక్కినప్పుడు నొక్కుకునేది దాదాపు అంతా టైరే. ఒళ్లు హూనం కాకూడదంటే వెడల్పు టైరు పట్టే ఫ్రేము చూసుకోండి.

నేను టైటానియం వైపు మొగ్గేది దెబ్బ తగిలినప్పుడు ఏమవుతుందన్నది చూసి. కార్బన్ ఏళ్ల తరబడి తొక్కినంత మాత్రాన అలసిపోదు. దాని బలహీనత పక్కనుంచి తగిలే దెబ్బ. బైకు వాలిపోయి టాప్‌ట్యూబ్ (ఫ్రేము పైగొట్టం) ఒక రాతి అంచుకి కొట్టుకుంటే, పైన రంగు చెక్కుచెదరకపోయినా లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. టైటానియానికి సొట్ట పడుతుంది, అది కంటికి కనిపిస్తుంది, చాలాసార్లు ఆ సొట్టతోనే ఏళ్లకేళ్లు నడుస్తుంది. మీరు తొక్కే రోడ్ల మీద ఉన్నది చెకుముకి రాయి. పూర్వం అక్కడి ఆదివాసులు బాణపు మొనలు చెక్కింది ఆ రాతితోనే.

బురద సంగతి కూడా ఉంది. 2023 అన్‌బౌండ్‌లో మొదట్లోనే బంకమట్టి దారి తగిలి, ఎంతోమంది బైకులు భుజానేసుకుని నడిచారు. ఇసుక, రాళ్లు కలిసిన ఆ మట్టి టైరుకీ చైన్‌స్టేకీ (పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రం ఇరుసు దాకా వెళ్లే గొట్టం) మధ్య ఇరుక్కుంటే, చక్రం తిరిగిన కొద్దీ లోపలివైపు కార్బన్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది. టైటానియం మీద గీతలు పడతాయి. రంగు వేయని ఫ్రేమైతే స్క్రబ్ ప్యాడ్‌తో రుద్దితే అవీ పోతాయి.

అలాగని టైటానియం అని రాసున్నదల్లా కొనెయ్యకండి. ఈ లోహాన్ని వెల్డింగ్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా. మా పక్కనే ఉన్న మిధాని 1973లో మొదలైంది, రక్షణ, అంతరిక్ష రంగాలకి టైటానియం మిశ్రమాలు చేస్తుంది. మన భీమిలి, కళింగపట్నం తీరం ఇసుకలో ఇల్మనైట్ ఉంది, టైటానియం వచ్చేది ఆ ఖనిజం నుంచే. మట్టిలో దొరకడం కష్టం కాదు. దాన్ని లోహంగా తీయడం, ఆపైన అతకడం కష్టం. వేడెక్కిన టైటానియానికి గాలి తగిలితే ఆక్సిజన్, నైట్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతుంది. అందుకే వెల్డింగ్ టార్చి దగ్గరే కాక గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపి వెల్డ్ చేయాలి. వెల్డు వెండిలా మెరుస్తుంటే పని శుభ్రంగా జరిగినట్టు. లేత గడ్డిరంగు వరకూ ఫర్వాలేదు. ముదురు నీలం కనబడితే అనుమానించండి, బూడిదరంగు పొడి కనబడితే వదిలేయండి. బయటి రంగుని పాలిష్ చేసి పోగొట్టవచ్చు. అందుకని సీట్‌పోస్టు (సీటుని మోసే కడ్డీ) తీయించి, లోపలికి టార్చిలైటు వేసి చూడండి. లోపల అంత సులువుగా పాలిష్ చేయలేరు.

డాలస్ రైడర్

వెల్డింగ్ గురించి బాగా చెప్పారు సర్. కానీ కార్బన్ మీద భయం అవసరానికి మించి పెట్టుకున్నారు. అనుమానం ఉన్నచోట నాణెంతో తట్టి చూడొచ్చు. బాగున్నచోట టక్కుమని మోగుతుంది, పొరలు విడిపోయినచోట చప్పుడు మందంగా వస్తుంది. అంతకీ తేలకపోతే స్కానింగ్ చేసేవాళ్లున్నారు. దెబ్బ తిన్న భాగాన్ని ఏటవాలుగా రుద్ది, కొత్త పొరలు ఎపాక్సీతో అతికితే ఫ్రేము మళ్లీ రోడ్డెక్కుతుంది. మరి టైటానియం చైన్‌స్టే వెల్డు పక్కన చిట్లితే? వీధి చివర వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదది. ఫ్రేముని కొలరాడోలో మూట్స్‌కో, టెన్నెసీలో లిన్‌స్కీకో, ఎవరు చేస్తే వాళ్లకి పంపించాలి.

ఇంకో మాట. టైటానియం గ్రావెల్ బైకులకి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దేనితో చేస్తారు? దాదాపు అన్నిటికీ కార్బన్‌తోనే. విరిగితే మనిషి ముఖం మీద పడే భాగం అది. దాన్ని నమ్మేవాళ్లు ఫ్రేము వెనక త్రికోణాన్ని ఎందుకు నమ్మరో నాకు అర్థం కాదు.

కంచన్‌బాగ్, హైదరాబాద్

ఫోర్క్ గురించి మీరన్నది కాదనలేను. ఏ ఫ్రేము కొన్నా, పెద్దగా పడ్డాక ఫోర్క్ విప్పి, హ్యాండిల్‌కి కలిసే దాని పైగొట్టం స్టీరర్‌ట్యూబ్‌తో సహా చూపించుకోవాల్సిందే. నేననేది ఇంతే: ఫోర్క్ ఒక్కటే పాడైతే కొన్ని వందల డాలర్లతో కొత్తది వస్తుంది, బైకు మిగులుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ థాంక్స్. 600 గ్రాముల తేడా నాలాంటివాడికి తెలుస్తుందా? వారంటీ సంగతేంటి?

విశాఖ నుంచి

మీరు, బైకు, నీళ్లు కలిపి 90 కిలోలు అనుకోండి. 600 గ్రాములంటే వందకి ఒక వంతు కూడా కాదు. 100 మైళ్లకి మోసే నీళ్లే అంతకంటే ఎక్కువ. జీవితకాల వారంటీ సాధారణంగా మొదటి ఓనరుకి మాత్రమే వర్తిస్తుంది, అదీ తయారీలో లోపానికే, పడి పగిలితే కాదు. సెకండ్‌హ్యాండ్‌లో చూస్తుంటే ఇది ముందే తెలుసుకోండి.

డాలస్ రైడర్

పోటీలో టైము మీద ధ్యాస ఉంటే నా ఓటు ఇప్పటికీ కార్బన్‌కే. చైన్‌స్టే లోపలివైపు మందపాటి రక్షణ టేపు వేయించి తొక్కండి.

కంచన్‌బాగ్, హైదరాబాద్

టైటానియమే తీసుకుంటే మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే భాగం), కనీసం 45 మిల్లీమీటర్ల టైరుకి చోటు, ఎక్కడైనా దొరికే యూడీహెచ్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే డెరైలర్‌ని తగిలించే ముక్క) ఉన్నాయో లేదో చూడండి. అల్యూమినియం సీట్‌పోస్టు వేస్తే మాత్రం యాంటీ-సీజ్ పేస్టు పూయకుండా దించకండి. తడి చేరితే రెండు లోహాల మధ్య అల్యూమినియం తుప్పుపట్టి, తెల్లటి పొడి ఉబ్బి పోస్టు బిగుసుకుపోతుంది. ఓ ఫ్రేములో అలా ఇరుక్కున్న పోస్టుని లోపలినుంచి రంపంతో నిలువునా కోసి తీయాల్సి వచ్చింది. ఏడాదికోసారి పోస్టు బయటికి లాగి, తుడిచి, మళ్లీ పేస్టు పూసి పెట్టుకోండి.