జర్నలిస్ట్ అవ్వాలంటే జర్నలిజమే చదవాలా?

కృష్ణాతీరం:
మా తమ్ముడికి ఇంటర్ అయిపోయింది, బీఏ జర్నలిజంలోనే చేరతా అని ఒకటే పట్టు. నాన్నేమో ముందు మామూలు డిగ్రీ చెయ్యరా తర్వాత చూద్దాం అంటున్నారు. ఫీల్డ్‌లో ఉన్నోళ్లు కాస్త చెప్పండి.

రాత్రి_డెస్క్:
మీ నాన్నగారే కరెక్ట్. పల్లెల మీద రాసే జర్నలిస్ట్ పి.సాయినాథ్ గారు జేఎన్‌యూలో హిస్టరీ. ఎన్‌డీటీవీ పెట్టిన ప్రణయ్ రాయ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ, పైగా సీఏ. రిపబ్లిక్ టీవీ అర్నబ్ ఢిల్లీలో సోషియాలజీ, ఆక్స్‌ఫర్డ్‌లో సోషల్ ఆంత్రపాలజీ (డిబేట్లు చూస్తే గుర్తురాదు లెండి).

ఓయూ_బ్యాచ్:
సగమే చెప్తే ఎలా బ్రో. టీవీ జర్నలిస్టుల్లోనే రవీష్ కుమార్ హిస్టరీ అయ్యాక ఐఐఎంసీకి (ఢిల్లీలో జర్నలిజం నేర్పే సంస్థ) వెళ్లారు, బర్ఖా దత్ ఇంగ్లిష్ లిటరేచర్ చదివి జామియాలో మాస్ కమ్యూనికేషన్, మళ్లీ కొలంబియాలో జర్నలిజం. ఉస్మానియాలో 1954 నుంచి డిపార్ట్‌మెంట్ ఉంది, ఊరికే పెట్టారా? పరువు నష్టం, కోర్టు ధిక్కారం లాంటివి హిస్టరీ క్లాసులో ఎవరు చెప్తారు?

రాత్రి_డెస్క్:
వాళ్లిద్దరూ ముందు వేరేది చదివాకే కదా అటెళ్లింది, నేను చెప్పేదీ అదే. మా డెస్క్‌లో ఒక బీకామ్ కుర్రాడు ఉండేవాడు, హెడ్డింగ్ పెట్టమంటే చెమటలు పట్టేవి వాడికి. ఒకసారి మున్సిపాలిటీ రెండేళ్ల ఆడిట్ రిపోర్టులు వస్తే మేమందరం చివరి పేజీలు చూసి సింగిల్ కాలమ్ కొట్టేద్దాం అనుకున్నాం, వాడు మాత్రం పెన్సిల్‌తో వోచర్లకి టిక్కులు పెట్టుకుంటూ కూర్చుని ఒకే కాలవ పూడికతీత బిల్లు మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పడిందని పట్టుకున్నాడు. మార్చితో ఆర్థిక సంవత్సరం మారింది కదా, ఎవడు చూస్తాడని ధైర్యం. తెల్లారి జిల్లా పేజీలో బ్యానర్.

ఓయూ_బ్యాచ్:
మరి కమిషనర్ వివరణ లేకుండా వేసుంటే నోటీసు ఎవరికొచ్చేది?

రాత్రి_డెస్క్:
అది మా ఇన్‌ఛార్జి గుర్తుచేశారు, ఒప్పుకుంటా. కానీ అది ఒక పూటలో నేర్చుకున్నాడు, లెక్కలు చదవడం మాకు ఇప్పటికీ రాలేదు.

మండల_విలేకరి:
ఈ గొడవంతా సిటీ వాళ్లది సార్. నేను డిగ్రీ తప్పాను, 14 ఏళ్లుగా కంట్రిబ్యూటర్‌ని, అంటే జీతం లేని మండల విలేకరిని. నెలాఖరుకి వచ్చేది లైన్ అకౌంటే (అచ్చయిన వార్తల లైన్ల లెక్కన ఇచ్చే డబ్బు), ఏం చదివినా దసరాకి పేపర్‌కి యాడ్స్ తెచ్చే టార్గెట్ తప్పదు. తమ్ముడు ఏ సబ్జెక్టన్నది తర్వాత, ఇంట్లో ఇంకో ఆదాయం ఉందేమో చూస్కోమనండి.

కృష్ణాతీరం:
థాంక్స్ అందరికీ. తమ్ముడికి మొత్తం చదివించా, బీకామ్ దగ్గర మొహం మాడ్చాడు, హిస్టరీ అయితే ఓకే అంట. నాన్నకి మాత్రం లైన్ అకౌంట్ సంగతి ఇంకా చెప్పలేదు.