రోజు నడకలో చివరివాళ్లు అలసిపోకుండా వేగం ఎలా కుదర్చాలి?

ఎనిమిది మందిమి పొలం గట్లు, గుట్టదారుల మీదుగా ఒక రోజు నడక పెట్టుకున్నాం. దూరం 14 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు మొత్తం 450 మీటర్లు. గుట్టదారి నడకకు పట్టే సమయాన్ని అంచనా వేసే నైస్మిత్ లెక్కన, అంటే గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట చొప్పున, 3 గంటల 33 నిమిషాలు. అందులో విరామాలుండవు, బురద ఉండదు, కంచె దగ్గర ఒక్కొక్కరే దాటడం ఉండదు. అందుకే ఐదున్నర గంటలు అనుకున్నాం. సరిపోతుందా?

అసలు చిక్కు వేరే. ముందువాళ్లు ఆగుతారు, వెనకవాళ్లు చేరగానే బయల్దేరతారు. బాగా అలసిన మనిషికే విశ్రాంతి దొరకదు, పాపం. చివరి మనిషి సంచి దించి, నీళ్లు తాగాక 5 నిమిషాలు లెక్కపెట్టాలనుకుంటున్నాం. నెమ్మదిగా నడిచేవారిని ముందు నుంచి రెండోస్థానంలో ఉంచితే మేలా, లేక వారిచేతే దారి తీయించాలా? దారి తీసేవారిపై ఒత్తిడి పెరుగుతుందేమోనని నా అనుమానం.

ఇంకొకటి. దిగేటప్పుడు లేసు వదులైతే పాదం ముందుకు జారి బొటనవేలి గోరు బూటుకు గుద్దుకుంటుంది. మడమ కదలకుండా పైన బిగిస్తే అది ఆగుతుంది గానీ, చీలమండ ముందువైపు ఒరుసుకుంటుంది. బూటు పై కొక్కేనికి తగిలించకుండా లేసు కట్టి చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి, దయచేసి.