కడుపులో బిడ్డ మెదడుకు ‘అభివృద్ధి’ అనే మాట సరిపోతుందా?

హైదరాబాద్‌లో జువాలజీ చదివే డిగ్రీ పిల్లల కోసం, పుట్టకముందు మెదడు కాండంలో (మెదడుని వెన్నుపాముతో కలిపే భాగం) సెరటోనిన్, నోరడ్రినలిన్, డోపమైన్ అనే సంకేత రసాయనాల వ్యవస్థలు ఎలా ఏర్పడతాయో తెలుగులో రాస్తున్నాను. మజ్జాముఖం (మెదడు కాండం కింది భాగం), వెన్నుపాము లాంటివి బడి పుస్తకాల్లో ఉన్నవే. ‘డెవలప్‌మెంట్’ దగ్గరే ఆగిపోయాను. ‘అభివృద్ధి’ అంటే రోడ్లు, కాలనీలు గుర్తొస్తాయి. మీరైతే ఏం రాస్తారు?

జవాబు: ‘ఎదుగుదల’ అనండమ్మా. అచ్చ తెలుగు, అందరికీ తెలిసిన మాట.

జవాబు: మాస్టారూ, బిడ్డ బరువుకి, తల చుట్టుకొలతకి అది చక్కగా సరిపోతుంది. సెరటోనిన్ తయారుచేసే నాడీకణాలు గర్భం మొదటి రెండు నెలల్లోనే మెదడు కాండం నడిమి గీత వెంబడి కనిపిస్తాయి. వాటి పోగులు కొన్ని పైకి మస్తిష్కం వైపు, కొన్ని కిందికి వెన్నుపాము వైపు సాగుతాయి. ఇంతవరకు ఎదుగుదలే. కానీ గ్రాహకాల సంగతి వేరు. ఎసిటైల్‌కోలిన్ అనే మరో సంకేత రసాయనాన్ని అందుకునే గ్రాహకాల్లో నికోటిన్ కూడా అతుక్కునే రకం ఒకటుంది. మెదడు కాండంలో కొన్నిచోట్ల అవి గర్భం మధ్య నెలల్లో దట్టంగా ఉండి, తర్వాత బాగా తగ్గిపోతాయి. తల్లి పొగ తాగితే నికోటిన్ మావి దాటి బిడ్డకి చేరుతుంది కాబట్టి ఈ విషయం చాలా ముఖ్యం. తగ్గడాన్ని ఎదుగుదల అనడానికి నాకు మనసొప్పడం లేదు.

గాబా అయితే ఏకంగా స్వభావమే మార్చుకుంటుంది. పెద్దల మెదడులో నాడీకణాన్ని శాంతపరిచే ఈ రసాయనం లేత కణాన్ని ఉత్తేజపరుస్తుంది. లేత కణం లోపల క్లోరైడ్ ఎక్కువ ఉంటుంది, గాబా దారి తెరవగానే అది బయటికి పోతుంది. క్లోరైడ్‌ని బయటికి తోడే ప్రొటీన్ తర్వాత పెరిగి, ఆ ప్రవాహం దిశ తిరగబడుతుంది. ఎలుకల్లో దీన్ని స్పష్టంగా చూశారు. ఇందులో పెరిగిందేమిటి, తరిగిందేమిటి?

జవాబు: నేను ప్రసూతి వార్డులో నర్సుని. స్కానింగ్‌లో బిడ్డ ఛాతీ కదలికలు చూసి, ఊపిరి ఆడుతుందా అని తల్లులు టెన్షన్ పడతారు. ‘మెదడు ఇంకా తయారైతుందమ్మా, ఊపిరి తీసుడు నేర్చుకుంటుంది’ అంటాను. వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

జవాబు: ఎంత బాగా చెప్పారు మేడమ్! ఆ కదలికలను నడిపేది మెదడు కాండమే. తల్లులతో మాట్లాడేటప్పుడు మీ మాటే సరైనది. కాకపోతే ‘తయారవడం’ అంటే కాన్పుతో పని ముగిసినట్టు అనిపిస్తుంది. ఈ మార్పులు పుట్టాక కూడా సాగుతాయి. నిద్రలో హఠాత్తుగా చనిపోయిన పసిబిడ్డల్లో చాలామందికి మజ్జాముఖంలోని సెరటోనిన్ వ్యవస్థలో తేడాలు కనిపించాయి.

అందుకే ‘రూపుదిద్దుకోవడం’ వైపు మొగ్గుతున్నాను. దిద్దడంలో చేర్చడమూ ఉంది, తీసేయడమూ ఉంది, మార్చడమూ ఉంది. శీర్షికలో అదే పెడతాను. బరువు, కొలతల పేరాలో మాస్టారి ‘ఎదుగుదల’ ఉంటుంది.

జవాబు: ఒప్పుకున్నానమ్మా. మరి ‘గ్రాహకం’ పిల్లలకి తెలుస్తుందా?

జవాబు: ఇంటర్‌లో చదివే ఉంటారు మాస్టారూ. అయినా మొదటిసారి వచ్చినచోట ‘రసాయనాన్ని అందుకునే ప్రొటీన్’ అని విడమరిచి రాస్తాను.